బూసుమ్‌కు నాలుగు టికెట్లు

ఈ టికెట్లు కొన్న రోజున మేము నలుగురం. నేను, నా భార్య సరిత, ఆరేళ్ల మా పాప ఆద్య, మిర్యాలగూడ నుంచి మూడు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చిన మా మామగారు సైదులు. జర్మనీలో మేముండే ఎర్లాంగెన్ నుంచి బూసుమ్‌కు రానూపోనూ, బల్ల చుట్టూ ఎదురెదురుగా నాలుగు సీట్లు రిజర్వు చేయించాను. చవక టికెట్లు, రద్దు చేసుకునే వీల్లేదు. ప్రయాణం రోజు వచ్చేసరికి మేము ముగ్గురం మిగిలాం.

బూసుమ్ ఉత్తర సముద్రం ఒడ్డున ఒక చిన్న జాలరి ఊరు. రొయ్యల పడవలు, ఎర్ర తెల్ల చారల లైట్‌హౌస్, గడ్డి పెంచిన కరకట్ట, దాని మీద గొర్రెలు. ఎవరైనా చూడదగ్గ ఊరే. కానీ మేము చూడటానికి వెళ్లలేదు. మామగారి అస్థికలు సముద్రంలో కలపడానికి వెళ్లాం. మనవాళ్లు ఇక్కడికి ఇంతమంది వస్తున్నారు, పెద్దవాళ్లను పిలిపించుకుంటున్నారు. ఇలాంటి ప్రయాణం ఇంకెవరికైనా తప్పకపోవచ్చు. మాకు ముందుగా చెప్పేవాళ్లు లేకపోయారు కనుక నేను చెబుతున్నాను.

మామగారు ఇరవై ఆరేళ్లు బస్సు కండక్టర్. అందులో సగం కాలం మిర్యాలగూడ–వాడపల్లి రూట్లోనే గడిచింది. వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. మా వైపు వాళ్లు అస్థికలు కలపడానికి అక్కడికే వెళ్తారు. ఎర్రగుడ్డ కట్టిన ముంత పట్టుకుని బస్సెక్కేవాళ్లు ఆయనకు ఎప్పుడూ తగిలేవారు. వాళ్ల విషయంలో ఆయనకో పద్ధతి ఉండేది. ముంతను పైన సామాన్ల అరలో పెట్టనిచ్చేవారు కాదు, ఎవరినో ఒకరిని లేపి సీటు ఇప్పించేవారు. పైగా దారి చెప్పించేవారు. "పోయినోళ్లకు తోవ తెల్వది. బస్సెక్కితే ఎక్కినమని చెప్పాలె, వంతెన వస్తే వంతెనొచ్చిందని చెప్పాలె. లేకుంటే నడిమిట్లనే దిగి ఆగమైతరు," అని మా వంటింట్లో టీ తాగుతూ నాకు చెప్పారు.

మా ఆద్యకు తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే జర్మనే. ఆయనకేమో నల్గొండ తెలుగు తప్ప ఇంకోటి రాదు. అయినా ఇద్దరికీ ఒక ఆట కుదిరింది. హాల్లో కుర్చీలు వరసగా వేసి బస్సు నడిపేవారు. పాప సైకిల్ గంట ఆయన చేతిలో ఉండేది. ఒకసారి కొడితే బండి ఆగాలి. టింగ్ టింగ్ అని రెండుసార్లు కొడితే "రైట్ రైట్" అని ఆద్య అరవాలి, బండి కదలాలి. ఆ గోలకు కింది అంతస్తు ఆవిడ రెండుసార్లు వచ్చి తలుపు కొట్టింది.

వచ్చిన వారానికే అడిగారాయన. "అల్లుడూ, నాకొక్కసారి సముద్రం జూపియ్యి. ఇన్నేండ్లు నదుల మీదనే తిరిగిన. సముద్రం సినిమాలల్ల సూసుడే."

మొదటిసారి బయల్దేరాలనుకున్నప్పుడు నా ఆఫీసులో పని తెగలేదు, వాయిదా వేశాను. రెండోసారి, ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే బ్లూ కార్డు తీసుకోవడానికి ఎన్నాళ్లుగానో దొరకని టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, సరిగ్గా ఆ రోజే దొరికింది. మూడోసారి వాన, చలి, పెద్దాయనకు జలుబు చేస్తుందని నేనే ఆపాను. ఆపిన ప్రతిసారీ ఆయన ఒకటే మాట అన్నారు. "కానీయ్ తీయ్. సముద్రం యాడికి పోతది? ఆడనే ఉంటది." నాలుగోసారి ఇక మాట తప్పకూడదని మే నెలాఖరుకు ఈ టికెట్లు కొన్నాను. ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆయన పళ్లు తోముకుంటూ స్నానాల గదిలో పడిపోయారు. ఆంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది.

ఆ తర్వాత ఏం చేయాలనే దాని మీద ఫోన్లో పెద్ద తగువే నడిచింది. "వాడపల్లి ఉండంగ సముద్రమేందమ్మా? బూడిద ఈడికి పంపుండ్రి," అన్నాడు సరిత బాబాయి. సరితకు తల్లి లేదు, తోడబుట్టినవాళ్లు లేరు. తేల్చి చెప్పాల్సింది తనే. "వాడపల్లి నాయినకు తెల్వని జాగనా బాబాయ్? అడిగింది సముద్రం. సముద్రమే సూపిస్త," అని ఫోన్ పెట్టేసింది. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేదనిపించింది. తిడితే ఇంకా బాగుండేది. నెలరోజులుగా నాతో కూర, పాలు, పాప బడి తప్ప ఇంకో మాట మాట్లాడటం లేదు.

ఇక్కడ మీకు తెలియాల్సినది ఒకటుంది. ఈ దేశంలో అస్థికలు మన చేతికివ్వరు. దహనం చేశాక ఎముకలు పొడి చేసి, డబ్బాలో సీలు వేసి, అంత్యక్రియలు చేయించే సంస్థ వాళ్లే ఆ డబ్బాను ఓడ యజమానికి నేరుగా పంపేస్తారు. మాకది తెలియదు. మా ఊరిలాగే ముంత ఒళ్లో పెట్టుకుని, నాలుగో సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తామనుకున్నాం. టికెట్ ఎలాగూ ఉందని కూడా అనుకున్నాం. తీరా నాలుగు రోజుల ముందు ఆ సంస్థ అతను ఫోన్ చేసి, "మీ నాన్నగారు క్షేమంగా బూసుమ్ చేరారు," అన్నాడు. సరిత ఫోన్ పట్టుకుని అలాగే వంటగట్టుకు ఆనుకుని నిలబడింది. "దారి ఎవరు చెప్పిండ్రు మరి?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు.

శుక్రవారం పొద్దున 5:50కి ఎర్లాంగెన్‌లో లోకల్ ఎక్కాం. 6:10కి న్యూరెంబర్గ్. అక్కడి నుంచి 6:30కి హాంబుర్గ్ వెళ్లే వేగరైలు ఐసీఈ. పులిహోర, పెరుగన్నం డబ్బాలు, ఫ్లాస్కులో టీ వెంట ఉన్నాయి. మా సీట్ల దగ్గరికి రాగానే సరిత సంచిలోంచి మామగారి బూడిదరంగు మఫ్లర్ తీసి, మడతపెట్టి, కిటికీ పక్క నాలుగో సీట్లో పెట్టింది. తర్వాత నెమ్మదిగా, పక్కవాళ్లకు వినపడనంతగా, "నాయినా, రైలు ఎక్కినం. కూసో," అంది. డబ్బా ముందే వెళ్లిపోయినా దారి చెప్పడం మాత్రం తను మానదలచుకోలేదు. ఆద్య ఒకసారి సీటు వైపు, ఒకసారి వాళ్లమ్మ వైపు చూసి బొమ్మల పుస్తకం తెరిచింది.

వుర్త్స్‌బుర్గ్‌లో జనం తోసుకుంటూ ఎక్కారు. సెలవు కలిసొచ్చిన శుక్రవారం కదా, నడవలో కూడా నిలబడ్డారు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలావిడ మా దగ్గర ఆగి, "ఈ సీటు ఖాళీయేనా?" అని జర్మన్‌లో అడిగింది.

"కాదు. మనిషి ఉన్నారు," అంది సరిత.

ఆవిడ మఫ్లర్ వైపు చూసింది, మా ముగ్గురి వైపు చూసింది, పెదవి విరిచి ముందుకు కదిలింది. ఆ పెట్టెలో ఉన్న కళ్లన్నీ నా మీదే ఉన్నట్టు అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. "ముసలామె, ఇస్తే ఏమైతది?" అన్నాను తెలుగులో. "ఆయన టికెట్ ఉన్నది," అంది సరిత, కిటికీలోంచి చూపు తిప్పకుండానే. నేను లేచి ఆ పెద్దావిడను వెతికి నా సీట్లో కూర్చోబెట్టి, ఫుల్డా దాకా నిలబడ్డాను. అక్కడ ఆవిడ దిగుతూ నాకు థాంక్స్ చెప్పింది కానీ సరిత వైపు చూడలేదు.

కాస్సెల్ దాటాక టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, మెడలో ఎర్ర రుమాలు. నా ఫోన్లో టికెట్ స్కాన్ చేసి, "నలుగురు అని ఉంది. నాలుగో ఆయన?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు సరితే చెప్పింది. ఆమె జర్మన్ ఇంకా క్లాసులో నేర్చుకుంటున్నదే, ఒక్కో మాటా పేర్చుకుంటూ చెప్పింది. "మా నాన్న. చనిపోయారు. మేము ఆయన దగ్గరికే వెళ్తున్నాం. ఆయన కూడా కండక్టరే."

ఆవిడ మఫ్లర్‌ను చూసింది. సీటు వీపు మీద ఒక క్షణం చెయ్యి పెట్టింది. "అయితే ఆయన టికెట్ చెల్లుతుంది," అని తర్వాతి వరసకు వెళ్లిపోయింది. సరిత నెలరోజుల్లో మొదటిసారి కొంచెం నవ్వింది.

11:20కి హాంబుర్గ్-ఆల్టోనాలో దిగి, 11:40కి ఉత్తరాదికి వెళ్లే రైలు పట్టుకున్నాం. ఇక్కడి నుంచి నేల బల్లపరుపుగా ఉంటుంది. గాలిమరలు, ఆవులు, నీళ్లు నిండిన కాలువలు. హోఖ్‌డోన్ దగ్గర కీల్ కాలువ మీద రైలు ఎత్తయిన ఇనుప వంతెన ఎక్కుతుంది. కింద సరుకు ఓడ ఒకటి బొమ్మలా వెళ్తోంది. మీరు వెళ్తే ఇక్కడ నిద్రపోకండి. "నాయినా, వంతెనొచ్చింది. పెద్ద వంతెన, వాడపల్లి దానికన్న ఎత్తున్నది," అంది సరిత. ఈసారి గట్టిగానే అంది. ఎదురు వరసలో సైకిల్ హెల్మెట్ పెట్టుకున్న జంట తలెత్తి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. 1:20కి హైడె, అక్కడ రెండు పెట్టెల చిన్న రైలు, సరిగ్గా 2:00కు బూసుమ్. ప్లాట్‌ఫారమ్ మీద దిగగానే ఉప్పు, చేపల వాసన.

రేవు వెనక వీధిలో ఒక ఇంటి పైభాగం రెండు రాత్రులకు తీసుకున్నాం. ఇంటావిడ పేరు ఫ్రావ్ పీటర్సన్. డెబ్బై ఏళ్లుంటాయి. మగడు రొయ్యల పడవ నడిపేవాడట. తాళం చెవితో పాటు ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టబోయింది. నేను తొందరలో "తర్వాత, తర్వాత" అన్నాను. ముందు సముద్రం చూడాలి. సామాన్లు పడేసి కరకట్ట వైపు పరుగులాంటి నడక నడిచాం. మూడు గంటలకు గొర్రెల మధ్యగా మెట్లెక్కి కట్ట మీదికి చేరాం.

సముద్రం లేదు.

నేను అతిశయోక్తి చెప్పటం లేదు. కట్ట కింద నుంచి చూపు ఆనినంత దూరం బురద. తడి తడిగా మెరిసే బూడిదరంగు బురద. అందులో వంకరగా పారే సన్నటి పాయలు, అక్కడక్కడ చెప్పులు చేత పట్టుకుని నడిచే మనుషులు. నీళ్లన్న మాట లేదు. ఎక్కడో అంచున ఒక గీత కనిపించింది, అది నీళ్లో ఆకాశమో తెలియలేదు.

"పాపా, వో ఇస్ట్ దస్ మేర్?" అంది ఆద్య. సముద్రం ఏదీ నాన్నా, అని.

నేను గడ్డిలో కూలబడ్డాను. మిర్యాలగూడలో పుట్టినవాణ్ణి, హైదరాబాద్‌లో చదివినవాణ్ణి. విశాఖపట్నంలో ఒకసారి బీచికి వెళ్లాను. సముద్రం అంటే ఎప్పుడెళ్లినా ఉండేదనే నాకు తెలుసు. అది లేచి వెళ్లిపోతుందని ఎవరనుకుంటారు! రైళ్లన్నింటికీ వేళలు చూశాను, పడవకు వేళ చూశాను, సముద్రానికి చూడాలని తట్టలేదు. మూడుసార్లు ఆపాను. మూడుసార్లూ ఆయన అన్న మాటే చెవుల్లో మోగుతోంది. సముద్రం యాడికి పోతది? ఆడనే ఉంటది. ఇదిగో మామయ్యా, పోయింది. ఏడుపు ఆగలేదు. గొర్రె ఒకటి దగ్గరగా వచ్చి నన్ను చూసి పోయింది.

సరిత నా పక్కన కూర్చుంది.

"మూడుసార్లు ఆపినవు. నేను మర్చిపోలే."

"మర్చిపోవద్దు," అన్నాను.

"రెండోసారి నీ కార్డు కోసం. టెర్మిన్ మల్ల దొరకదన్నవు. దొరకకపోతే ఏమవుతుండె? ఇంకో నెల ఆగుతుంటిమి. నాయిన ఆగిండా?"

అప్పుడు దాచుకున్నది కూడా చెప్పేశాను. సముద్రంలో కలపాలంటే, చనిపోయిన మనిషికి ఆ కోరిక ఉన్నట్టు ఇంటివాళ్లు రాసి సంతకం పెట్టాలి. నేను పెట్టాను. ఆయన చూడాలన్నారు, కలపమని ఎప్పుడూ అనలేదు. నేను చూపించలేకపోయినదాన్ని కాగితం మీద ఆయన కోరికగా మార్చి రాశాను.

సరిత ఆ బురద వైపే చూస్తూ ఉంది. "అబద్ధమే రాసినవు," అంది. మళ్లీ తనే, "నాయిన పేదోళ్ల పిల్లలకు పన్నెండు దాటినా హాఫ్ టికెట్ కొట్టేటోడు. చెకింగోళ్లు ఎంత వయసని అడిగితే తల్లి కన్నా ముందు ఆయననే చెప్పేటోడు, పదకొండు అని. ఇది కూడ గసొంటిదే అనుకుంట," అంది. నా మీద కోపం పోయిందని తను అనలేదు. నేనూ అడగలేదు. కానీ మాట్లాడింది, అదే చాలనుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చేసరికి ఫ్రావ్ పీటర్సన్ గుమ్మంలోనే ఉంది. మా మొహాలు చూసి విషయం పట్టేసింది. ఆ చిన్న పుస్తకం మళ్లీ తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఆ రోజు వరస మీద గోరుతో గీసి చూపించింది. ఆటు ఎప్పుడు, పోటు ఎప్పుడు, ప్రతి రోజుకూ గంటలు నిమిషాలతో సహా. "రోజుకు రెండుసార్లు వెళ్తుంది, రెండుసార్లు వస్తుంది. యాభై ఏళ్లు ఈ పుస్తకం చూసే అన్నం వండాను," అంది. సరిత ఆ పుస్తకాన్ని చేతిలో తిప్పి చూసి, "నాయిన చూస్తే ఇడువకపోతుండె. టైమ్‌టేబులే కదా," అంది నాతో. మీరు వెళ్తే ముందు ఆ పుస్తకం తీసుకోండి. అన్ని అంగళ్లలో దొరుకుతుంది.

ఎనిమిదిన్నరకు మళ్లీ కట్ట మీదికి వెళ్లాం. మే నెలాఖరులో అక్కడ ఆ వేళకింకా ఎండ ఉంటుంది. నీళ్లు వచ్చేశాయి. మధ్యాహ్నం మనుషులు నడిచిన చోట అలలు, కట్ట రాళ్లకు కొట్టుకుంటున్నాయి. సరిత మఫ్లర్ భుజాన వేసుకుని నిలబడింది. "నాయినా, వచ్చింది," అని మాత్రం అంది.

శనివారం 10:30కి పడవ. పోటు నిండిన వేళకే బయల్దేరుతుంది. మేము తెచ్చిన వస్తువులు ఒకసారి చూడండి: ఇత్తడి చెంబు, పాలు, పసుపు, కుంకుమ, నువ్వులు, బంతిపూల దండ, ముగ్గురికి మారు బట్టలు, తువ్వాళ్లు. కలపగానే అక్కడే స్నానం చేస్తామనుకున్నాం మరి! తెల్లగడ్డం కప్తాన్ అన్నీ ఓపిగ్గా చూశాడు. చెంబు వెయ్యకూడదు. దండలోని దారం వెయ్యకూడదు, రేకులు విడిగా వెయ్యొచ్చు. పాలు, నువ్వులు పర్వాలేదు. మఫ్లర్ అసలు కుదరదు, అది సముద్రంలో కరగదు. స్నానం అనగానే మాత్రం భయపడిపోయాడు. "నీళ్లు పన్నెండు డిగ్రీలు. మిమ్మల్ని కూడా కలిపి రావాల్సి వస్తుంది," అన్నాడు. నవ్వాలో వద్దో తెలియలేదు. సరిత మఫ్లర్‌ను తన మెడకే చుట్టుకుంది.

లోపల చిన్న బల్ల మీద ఆయన ఉన్నారు. డబ్బాలోంచి ఉప్పుతో చేసిన తెల్లటి కుండలోకి మార్చారు, అది నీళ్లలో దానంతటదే కరిగిపోతుందట. సరిత దాని మీద రెండు చేతులూ పెట్టి, బొట్టు పెట్టింది. గంటంబావు ప్రయాణం. రేవు దాటగానే పడవ ఊగడం మొదలుపెట్టింది. నాకు కడుపులో తిప్పింది. అల్లం ముక్క నోట్లో వేసుకుని కూర్చోండి, అదే నయం. తిరిగొస్తున్న రొయ్యల పడవ ఒకటి ఎదురైంది. రెండు పక్కలా వలలు పైకెత్తి ఉన్నాయి, వెనకాల పక్షుల గుంపు. మా పడవ జెండా సగానికి దించి ఉండటం చూసి, అందులోని మనిషి టోపీ తీసి పట్టుకున్నాడు. మేము దాటిపోయేదాకా తల మీద పెట్టుకోలేదు. ఎవరో ఏమిటో తెలియని మనిషి కోసం టోపీ తీసే ఆ పద్ధతికి నేను ఎప్పటికీ దణ్ణం పెడతాను.

ఇంజను ఆపారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. కుండను తాడుతో దించేది కప్తానే. కొడుకులు లేరు కాబట్టి అల్లుడే చెయ్యాలని బాబాయి ఫోన్లో మరీ మరీ చెప్పాడు. కప్తాన్ ఎవరు ముందుకు వస్తారని చూశాడు. నేను సరిత వైపు చెయ్యి చూపి పక్కకు జరిగాను. తను వెళ్లి, తాడు మీద కప్తాన్ చేతి వెనక తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి వదిలారు. తెల్లకుండ నీళ్లకు తాకి, కొంచెం తేలి, వంగి, ఆకుపచ్చటి నీళ్లలోకి వెళ్లిపోయింది. "నాయినా, సముద్రం వచ్చింది. నువ్వడిగిన జాగనే," అంది సరిత. అప్పుడూ ఏడవలేదు. ఆయన పడిపోయిన రోజున ఏడవలేదు, దహనం రోజునా ఏడవలేదు. నాకు అదే భయంగా ఉండేది.

పాలు పోశాం, నువ్వులు వేశాం, రేకులు చల్లాం. అప్పుడు కప్తాన్ గది బయట వేలాడుతున్న గంట దగ్గరికి వెళ్లాడు. నావికుడి కాపలా ముగిసినప్పుడు కొట్టే గంటలట, ఎనిమిది. రెండేసి చొప్పున కొడతారు. మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

టింగ్ టింగ్.

"రైట్ రైట్!" అని అరిచింది ఆద్య.

అచ్చం తాత గొంతు, తాత మాట సాగదీసే తీరు. జర్మన్ తప్ప మాట్లాడని పిల్ల. అరిచాక తప్పు చేశానేమోనని రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. కప్తాన్ ఆగి చూశాడు. సరిత మోకాళ్ల మీద కూర్చుని పాపను దగ్గరికి లాక్కుంది. "చెప్పు బిడ్డా. గట్టిగ చెప్పు. లేకుంటే తాత బండి కదలదు," అంది. కప్తాన్‌కు మాట తెలియకపోయినా సంగతి తెలిసినట్టుంది. మళ్లీ రెండు కొట్టి ఆగాడు. "రైట్ రైట్." ఇంకో రెండు. ఇంకో రెండు. ఆఖరిసారికి సరిత కూడా అంది, అంటూనే భోరున ఏడ్చింది. నెల రోజుల ఏడుపంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంజను మళ్లీ మొదలైంది. పడవ ఆ రేకుల చుట్టూ ఒక్క చుట్టు తిరిగి రేవు వైపు మళ్లింది. దిగేటప్పుడు కప్తాన్ ఒక సముద్ర పటం ఇచ్చాడు. కుండ దించిన చోట సిరాతో చిన్న గుర్తు పెట్టి ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ ఆటు. ఈసారి పుస్తకం చూసుకుని వెళ్లాం. చెప్పులు విప్పి ఆ బురదలో నడిచాం. నునుపుగా, చల్లగా ఉంటుంది, పాదం కింద పురుగుల పుట్టల్లా చిన్న చిన్న ఇసుక చుట్టలు తగులుతాయి. లోతైన పాయ దగ్గర ముగ్గురం కాళ్లూ చేతులూ కడుక్కుని నెత్తిన నీళ్లు చల్లుకున్నాం. మా స్నానం అదే. ఆ తర్వాత రేవులో వేలి గోరంత రొయ్యలు పెట్టిన బన్నులు తిన్నాం. పడవలోనే సముద్రపు నీళ్లలో ఉడకబెడతారట, తియ్యగా ఉన్నాయి. పొద్దుటి నుంచి ఏమీ తినని సరిత రెండు తింది.

ఆదివారం పొద్దున ఫ్రావ్ పీటర్సన్ తన పాత కారులో ఐడర్ నది సముద్రంలో కలిసే చోట కట్టిన పెద్ద ఆనకట్ట చూపించింది. తుఫాను వస్తే ఇనుప తలుపులు దించి సముద్రాన్ని ఆపుతారు. నడిచే దారి పక్కనే పక్షులు గుడ్లు పెట్టుకుని కూర్చున్నాయి. మనుషులంటే బెదురు లేదు. ఆద్యకు ఆ చోటే అన్నిటికన్నా నచ్చింది. ఆవిడ పెట్రోలుకు కూడా ఏమీ తీసుకోలేదు. సరిత పసుపు కుంకుమ పొట్లాం, మిగిలిన పులిహోర ఇచ్చింది.

మధ్యాహ్నం 12:10కి బూసుమ్ నుంచి బయల్దేరాం. కట్ట మీదుగా స్టేషన్‌కు వస్తుంటే నీళ్లు ఇంకా నిండుగానే ఉన్నాయి. 3:30కి హాంబుర్గ్‌లో ఐసీఈ. మళ్లీ బల్ల చుట్టూ నాలుగు సీట్లు. సీటు పైన చిన్న తెర మీద నాలుగింటికీ ఎర్లాంగెన్ టికెట్ల రిజర్వేషన్ మెరుస్తోంది. సరిత మఫ్లర్ మెడకు చుట్టుకునే ఉంది, సీట్లో పెట్టలేదు. నేను గమనించాను.

హన్నోవర్‌లో జనం ఎక్కారు. వాళ్లలో ఫోన్లో మాట్లాడుతూ ఒక అమ్మాయి, వీపున బరువైన సంచి, చేతిలో పెద్ద సూట్‌కేసు. "అడ్మిషన్ అయింది గానీ రూమ్ ఇంకా కన్ఫర్మ్ కాలేదు మమ్మీ, గార్చింగ్ చేరినాక చేస్తా," అంటోంది. ఈ మధ్య ఏ రైలెక్కినా మన మాట వినబడుతూనే ఉంది. ఫోన్ పెట్టేసి, ఖాళీ సీటు చూసి, పైన తెర మీద రిజర్వేషన్ చూసి, ఆగిపోయింది. మేము తెలుగువాళ్లమని అప్పటికే పోల్చుకుంది.

"అక్కా, ఇక్కడ ఎవరన్నా వస్తారా?"

నేను సరిత వైపు చూశాను. ఆద్య కూడా పుస్తకం మీంచి తలెత్తి చూసింది. సరిత తన సంచీ ఒళ్లోకి తీసుకుని, మోకాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చింది.

"రారు చెల్లె, కూసో. అది మా నాయిన సీటు. ఆయన బూసుమ్‌ల దిగిండు."